మునసబు కాళ్ళకు నీళ్ళు

బ్రాడీపేట, గుంటూరు
10 ఫిబ్రవరి 2002

పెద్దమ్మకు అఖిల నమస్కారాలు.

అందరం క్షేమం అని ఒక్క ముక్కలో రాస్తే నువ్వు నమ్మవు కాబట్టి విడివిడిగా రాస్తున్నాను. అమ్మకి మోకాలి నొప్పి అలాగే ఉంది. నాన్న షుగరు మాత్ర వేసుకుని, ఆ ధైర్యంతో జిలేబీ తింటున్నారు. నేను కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నాను. మిగతా అంతా బాగానే ఉంది.

నీతో ఒక పని పడింది. ఒక వారపత్రిక వాళ్ళు నాకు జపాన్ నవల ఒకటి ఇచ్చి తెలుగు చెయ్యమన్నారు. ఇంగ్లీషులోంచి చేస్తున్నాను. గొడుగులు బాగుచేసే ఒక ముసలాయన కథ. సముద్రం పక్కన ఊరు. ఆయన భార్య పోయింది, ఆవిడ పెంచిన పిల్లి ఇంట్లో మిగిలింది. ఈయనకేమో పిల్లులంటే పడదు. పెదనాన్న పోయి ఏడాది కూడా తిరగలేదు, ఇలాంటి కథ నీకు చెప్పవచ్చా అని చాలా ఆలోచించాను. కానీ మన చుట్టాల్లో పిల్లి ఉన్న ఇల్లు మీదొక్కటే. మా అమ్మ సంగతి నీకు తెలుసు కదా, పిల్లి ఎదురొస్తే ఇంట్లోకి తిరిగొచ్చి మంచినీళ్ళు తాగి గానీ బజారుకి పోదు.

పిల్లి మెత్తటి చోట నిలబడి ముందు కాళ్ళు రెండూ మార్చి మార్చి నొక్కుతుందట. దాన్ని మనవాళ్ళు ఏమంటారు? అలిగితే ఎలా తెలుస్తుంది? పెదనాన్న పిల్లి మునసబుని చూసి రాయి.

నీ అఖిల


కొత్తపాలెం, వినుకొండ దగ్గర
19 ఫిబ్రవరి 2002

అఖిలకు పెద్దమ్మ ఆశీస్సులు.

మీ నాన్నకి జిలేబీ అందకుండా పై అరలో పెట్టమని మా చెల్లికి చెప్పు. ఆయన స్టూలు వేసుకుంటే స్టూలు దాచమని చెప్పు.

ఆ పిల్లి నాది కాదు, మీ పెదనాన్నది. పోయినేడు మిరపకాయలు అమ్మడానికి గుంటూరు యార్డుకి వెళ్తే ఖాళీ గోతాల్లో పడి వచ్చింది. అరచేతిలో పట్టేంత ఉండేది. పెద్దదయ్యాక పొద్దున్నే లేచి ఊళ్ళో గడప గడపకీ వెళ్ళి కూర్చోవడం, వాళ్ళు పెట్టింది తినడం, ఎవరికీ ఏ ఉపకారమూ చెయ్యకుండా తిరిగి రావడం చూసి ఆయనే దానికి మునసబు అని పేరు పెట్టాడు. ఊరంతా అలాగే పిలుస్తారు.

దానికో పాడు అలవాటుంది. కల్లంలో మిరపకాయలు ఎండబోస్తామా, వాటి మీద నడిచి వస్తుంది. కాళ్ళు నాక్కుంటుంది. ఇక నోరు మండి ఇల్లంతా చిందులు తొక్కుతుంది. అందుకని మీ పెదనాన్న గడప పక్కన ముంతతో నీళ్ళు పెట్టుకుని, అది రాగానే "దయచేయండి మునసబు గారూ" అని నాలుగు కాళ్ళూ కడిగి, భుజం మీద తువ్వాలుతో తుడిచేవాడు. నా కాళ్ళు నొప్పులన్నప్పుడు మాత్రం జండూబామ్ ఎక్కడుందో చెప్పేవాడు. ఇప్పుడు ఎవరు కడుగుతున్నారు అంటావేమో. నేనే. ప్రేమ కాదు, అరుపులు పడలేక.

నువ్వడిగిన కాళ్ళ నొక్కుడుని ఆయన "పత్తి తొక్కుతున్నాడు" అనేవాడు. పెద్ద గోనె బోరేల్లో పత్తి నింపేటప్పుడు మనిషి లోపలికి దిగి తొక్కుతాడే, అచ్చం అదే. అలిగితే మనవైపు వీపు పెట్టి కూర్చుంటుంది, చెవులు మాత్రం మనవైపే ఉంటాయి.

ఈ ఏడు పత్తి ఆయన పడుకునే మధ్యగదిలో పోయించాను. గుమ్మం దాకా నిండింది. మునసబు కిటికీలోంచి దూకి ఆ పత్తిలోకి దూరి పడుకుంటుంది. నువ్వు రాసిన కథ కాపీ తీసి పంపుతూ ఉండు. నాకిక్కడ తోచడం లేదు.

పెద్దమ్మ


బ్రాడీపేట, గుంటూరు
6 మార్చి 2002

పెద్దమ్మకు,

పత్తి తొక్కడం అన్న మాట పత్రిక ఎడిటరు గారికి తెగ నచ్చింది. పల్నాడు పిల్లి జపాన్ పిల్లికి మాటలు నేర్పింది అన్నారు. ఏడు అధ్యాయాలు దీంతో పెట్టాను. ఆ పిల్లికి తోక పొట్టిగా ఉంటుందని చదివి కంగారు పడకు, అక్కడ చాలా పిల్లులు అలాగే పుడతాయట. కాకీ అని ఒక పండు వస్తుంది, నారింజ రంగు, పచ్చిగా తింటే నాలుక పిడచకట్టే వగరు, పండితే తియ్యన. దానికి మాట దొరక్క అలాగే ఉంచాను.

ఇంకో సంగతి. మీ వీరబాబన్నయ్య వినుకొండ నుంచి ఫోన్ చేశాడు. ఊళ్ళో అందరూ పత్తి అమ్మేశారట, నువ్వే అమ్మనివ్వడం లేదట. "రేటు బాగానే ఉంది, వానలు పడితే ఆ పాత పెంకులు కారి పత్తి రంగు తిరిగిద్ది, ఏడాది కష్టం మట్టి పాలయ్యిద్ది, మా అమ్మేమో రేటు రేటు అంటది, అసలు ఏందో చెప్పదు" అన్నాడు. గొంతు చూస్తే నిజంగా దిగులు పడుతున్నాడు. ఏమిటి పెద్దమ్మా సంగతి?

అఖిల


కొత్తపాలెం
17 మార్చి 2002

అఖిలకు,

ఆ పండు మన తునికి పండులా ఉంది. అడవి అంచున వాళ్ళు బుట్టల్లో తెచ్చి అమ్ముతారు, నీ చిన్నప్పుడు తిని జాకెట్టంతా పాడుచేసుకున్నావు. తునికి పండని రాయి, ఎవరూ ఏమీ అనరు.

ఏడు అధ్యాయాలూ రెండేసి సార్లు చదివాను. ఆ ముసలాయన నాకు నచ్చలేదు. పిల్లి ఆకలికి అరుస్తుంటే గొడుగు ఊచలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడేమిటి. కానీ భార్య కూర్చునే దిండు గుమ్మం దగ్గర నుంచి తియ్యలేదని రాశావు చూడు, అక్కడ నేను కాగితాలు పక్కన పెట్టి వంటింట్లోకి పోయాను. ఆ పిల్లి దగ్గుతోందని రెండు చోట్ల రాశావు. మిరియాల కషాయం వాళ్ళకి దొరకదా?

వీరబాబుకి చెప్పనని మాటిస్తేనే ఇది చదువు. రేటు సంగతి నాకు అక్కర్లేదు. ఆ గది ఖాళీగా ఉంటే చూడలేను. నులక మంచం గోడవారనే ఉంది. ఇన్నేళ్ళు పడుకుని పడుకుని ఆయన ఒంటి మేరకు మధ్యలో గుంట పడింది. ఆయన పోయాక పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని అలవాటుగా ఆ గదిలోకి పోయేదాన్ని, ఆ గుంట కనిపించేది. అందుకే పత్తి రాగానే ఆ గదిలోనే పోయించాను, మంచం మీదుగా పోయించాను. ఇప్పుడు అటు చూస్తే తెల్లగా పత్తి కనిపిస్తుంది, అంతే. నాకు హాయిగా ఉంది. వాన సంగతి వాన వచ్చినప్పుడు చూద్దాం.

పెద్దమ్మ


బ్రాడీపేట, గుంటూరు
4 ఏప్రిల్ 2002

పెద్దమ్మకు,

నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం సయించలేదు. అన్నయ్యకి ఏమీ చెప్పలేదు.

ఎనిమిది, తొమ్మిది అధ్యాయాలు పంపుతున్నాను. ఇందులో అంతా సరదాయే. పిల్లి చేపల బుట్టలో పడుతుంది, ముసలాయన దాన్ని మొదటిసారి ఒళ్ళో పెట్టుకుంటాడు.

ఒక మాట అడుగుతాను, కాదనకు. ఒక వారం గుంటూరు రా. అమ్మ నిన్ను చూడాలని గొడవ పెడుతోంది. చివరి అధ్యాయాలు నీకు నేనే చదివి వినిపిస్తాను. శంకర్ విలాస్ దగ్గర ఇడ్లీ తినిపిస్తాను. ఎండలు ముదరకముందే రా. పద్దెనిమిదో తారీఖు గురువారం బయల్దేరితే బాగుంటుంది.

అఖిల


కొత్తపాలెం
11 ఏప్రిల్ 2002

అఖిలకు,

సరే, గురువారం వస్తాను. వీరబాబు కూడా వెళ్ళిరా వెళ్ళిరా అని తెగ తొందర చేస్తున్నాడు. వాడికి ఎప్పటి నుంచి నా మీద ఇంత ప్రేమో తెలియదు.

మునసబు ఈ మధ్య బాగా ఒళ్ళు చేసింది. పొట్ట వేలాడేసుకుని నిజం మునసబులాగే నడుస్తోంది. తిరుగుళ్ళు మానేసి పత్తిలోనే ఉంటోంది, కల్లంలో నుంచి వచ్చినప్పుడు మాత్రం గడప దగ్గర ఆగి నావైపు చూస్తుంది. కోడలు శ్రీదివ్యకి ముంత అప్పజెప్పి వస్తాను. మీకు కావలసిన పచ్చళ్ళు తెస్తున్నాను, మీ నాన్నకి మాత్రం ఏమీ తేవడం లేదు.

పెద్దమ్మ


కొత్తపాలెం
20 ఏప్రిల్ 2002

ఒసే అఖిలా,

ఆశీస్సులు ఈసారి లేవు. చివర్లో మనసు మారితే చూస్తాను.

గురువారం పొద్దున వినుకొండ బస్టాండులో గుంటూరు బస్సు ఎక్కి సీట్లో కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. శ్రీదివ్యకి కాళ్ళు కడగమని చెప్పాను గానీ తుడవమని చెప్పలేదు. తడి కాళ్ళతో పత్తిలోకి పోతే పిల్లికీ మంచిది కాదు, పత్తికీ మంచిది కాదు. కండక్టరు "ఎక్కడికమ్మా దిగుతున్నావ్" అంటే "పిల్లి కాళ్ళు తుడవాలి" అన్నాను. బస్సులో అందరూ నన్ను ఎలా చూశారో నీకు చెప్పినా అర్థం కాదు.

ఆటోలో ఇంటికొస్తే వాకిట్లో లారీ ఉంది. బోరేలు పరిచి ఉన్నాయి. బోరేల్లో పత్తి తొక్కే జాన్ బాషా, వాడి మనుషులు నలుగురు నిలబడి ఉన్నారు. వీరబాబు నన్ను చూసి అరుగు దిగి గేదె వెనకాల నిలబడ్డాడు. నలభై ఏళ్ళ మనిషి, పెళ్ళాం పిల్లలున్నవాడు.

"ఏందిరా ఇది?" అన్నాను.

"అమ్మా, మబ్బు పట్టింది చూడు. ఇంక ఎప్పుడమ్ముతాం. అఖిల కూడా అదే అంది" అన్నాడు. నీ పేరు అక్కడ బయటపడింది. ఇడ్లీ తినిపిస్తానన్నావు, అది కూడా నిజమేనా?

నేను నోరు తెరవబోతుంటే జాన్ బాషా అడ్డం వచ్చాడు. "నువ్వు అరవమాకమ్మా. ఎటూ మేం ఆ గదిలో కాలు పెట్టం. లోపల బాలింత ఉంది" అన్నాడు. చెయ్యి చూపించాడు, మోచేతి దాకా గీతలు. రెండు మోపులు బయటికి లాగాడట, లోపలి నుంచి గుర్రుమందట. ఎలుకలేమోనని వీరబాబు అంటే చెయ్యి పెట్టి చూశాడట.

మన మునసబు ఆడదే. ఏడాది పాటు మునసబు గారూ మునసబు గారూ అని ఊరంతా గౌరవాలు చేశాం గానీ, తోక ఎత్తి చూసిన పాపాన ఒక్కరూ పోలేదు. మీ పెదనాన్న గేదెల్ని ఆమడ దూరం నుంచి చూసి చూడిదో కాదో చెప్పేవాడు. ఆయనకి ఇది తెలియలేదు. ఆ మాట తలుచుకుని వాకిట్లోనే నవ్వొచ్చింది, కోపంగా ఉన్నదాన్ని నవ్వేసరికి అందరూ నవ్వారు.

"గదిలో దిగి తొక్కామంటే పిల్లలు నలిగిపోతాయి. పైనుంచి చేతుల్తో తీసుకురావాల, నిదానంగా. అది మమ్మల్ని రానియ్యదు, నువ్వే తియ్యాల" అన్నాడు జాన్ బాషా. తియ్యనంటే పిల్లలు ఆ బరువు కింద ఎన్నాళ్ళుంటాయి? కొంగు బిగించి నేనే మొదలుపెట్టాను. ఒక్కో చేతి నిండా తీసి శ్రీదివ్యకి ఇస్తే, ఆమె జాన్ బాషాకి, అతను బయట బోరెంలోకి. గది సగం అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. మునసబు లోపలి నుంచి గుర్రుమంటే "నేనేనే" అంటున్నాను. నా గొంతు విని ఊరుకుంటోంది.

మంచం పట్టె తగిలింది. చేతులు ఆగిపోయాయి. అక్కడ నిలబడి ఏడ్చాను అఖిలా, అందరి ముందూ. ఆయన పోయిన రోజు కూడా వచ్చేవాళ్ళకి మజ్జిగ, మంచినీళ్ళు చూసుకుంటూ అంత ఏడవలేదు. శ్రీదివ్య వీపు నిమిరింది. ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత మిగిలిన పత్తి తీశాను.

ఆయన గుంటలో పడుకుని ఉంది మునసబు. నాలుగు పిల్లలు. గుంట సరిగ్గా వాటికి సరిపోయింది. నేను చూడలేక ఇన్నాళ్ళు కప్పి పెట్టిన చోటు దానికి అంత బాగా పనికొచ్చింది. నన్ను చూసి కళ్ళు మూసుకుని గురగురమంటోంది.

సరే, ఆశీస్సులు. కానీ ఇలాంటి నాటకం మళ్ళీ ఆడావంటే నీకు నా పచ్చళ్ళు బంద్.

పెద్దమ్మ


బ్రాడీపేట, గుంటూరు
2 మే 2002

పెద్దమ్మకు,

నీ ఉత్తరం అమ్మకి గట్టిగా చదివి వినిపించాను. గేదె వెనకాల అన్నయ్య దగ్గర నవ్వి, మంచం దగ్గర ఏడ్చి, చివరికి పచ్చళ్ళ దగ్గర అమ్మ నిజంగా భయపడింది. అన్నయ్యతో కలిసి నిన్ను ఊరు దాటించాలనుకున్నది నేనే. నీ మాట అతనికి చెప్పకుండా నీకు మంచి చేద్దామనుకున్నాను. నిన్నడిగి ఉండాల్సింది. ఇంకెప్పుడూ చెయ్యను.

కథ పూర్తయింది. చివరి అధ్యాయాలు పంపుతున్నాను. ముసలాయన దుకాణం మూసేసి, పిల్లిని బుట్టలో పెట్టుకుని పడవెక్కి పక్క దీవికి వెళ్తాడు. ఇద్దరూ అక్కడ సముద్రం గాలిలో హాయిగా ఉంటారు.

అఖిల


కొత్తపాలెం
14 మే 2002

అఖిలకు ఆశీస్సులు.

పత్తి మొత్తం అమ్మేశాం. లారీ వెళ్ళిన మూడో రోజే గాలివాన వచ్చింది, మధ్యగదిలో రెండు చోట్ల పెంకులు కారాయి. వీరబాబు నావైపు ఒకసారి చూసి, నిచ్చెన వేసుకుని పెంకులు సర్దడానికి ఎక్కాడు. ఆ మాత్రం బుద్ధి ఉంది.

మునసబు పిల్లల్ని మార్చేసింది. పిల్లి ఏడిళ్ళు తిప్పుతుందంటారు, ఇది ఒకే ఇంట్లో ఏడు మూలలు తిప్పుతోంది. మంచం మీద నుంచి గాదె వెనక్కి, అక్కడి నుంచి వంటింట్లో నా చీరల బుట్టలోకి. కొత్త చీర ఒకటి పోయింది. ఇప్పుడు మంచం దానికీ అక్కర్లేదు. ఆ గుంట వైపు చూసేది ఇక నేనొక్కదాన్నే.

నీ చివరి అధ్యాయాలు చదివాను. ఇవి ఆ జపానాయన రాసినవి కావు. మూడో అధ్యాయంలో పిల్లి దగ్గింది, ఆరో దాంట్లో దగ్గింది. ఎనిమిది నుంచి దగ్గు మాయం. దగ్గే పిల్లిని సముద్రం గాలికి తీసుకుపోయేవాళ్ళు ఉంటారా ఎక్కడైనా? ఇంత జాగ్రత్తగా గొడుగు ఊచలు లెక్కపెట్టించినాయన దగ్గు సంగతి మరిచిపోడు.

నేను పసిపిల్లని కాదు. అసలుది పంపు.

పెద్దమ్మ


బ్రాడీపేట, గుంటూరు
24 మే 2002

పెద్దమ్మకు,

ఎడిటరు గారు కనిపెట్టలేదు, నువ్వు కనిపెట్టావు. పత్రికకి అసలుదే ఇచ్చాను. నీకు పంపినది నీ ఒక్కదాని కోసం రాసింది. నీకు మళ్ళీ ఒక చావు కబురు నా చేత్తో రాయలేకపోయాను.

అసలుది ఇదిగో. పిల్లి చలికాలంలో ఆ దిండు మీదే చనిపోతుంది. ముసలాయన దాన్ని తునికి చెట్టు కింద పాతిపెడతాడు. రోజంతా ఊరికే కూర్చుంటాడు. సాయంత్రం వాన మొదలవుతుంది. ఊరందరి గొడుగులూ బాగుచేసిన మనిషి, భార్య విరిగిన గొడుగు మాత్రం ఇన్నేళ్ళూ ముట్టుకోలేదు కదా, అది తీసి ఊచలు సరిచేసి, దిండు దులిపి, గొడుగు వేసుకుని బయటికి నడుస్తాడు. అంతే, కథ అక్కడ ఆగిపోతుంది.

కోపం వస్తే రాయి.

అఖిల


కొత్తపాలెం
12 జూన్ 2002

అఖిలకు పెద్దమ్మ ఆశీస్సులు.

కోపం రాలేదు. ఏడుపు వచ్చింది, తర్వాత ఆకలి వేసింది. ఆ ముసలాయన మీద ఇన్నాళ్ళు పడ్డ కోపమంతా పోయింది. నీ దీవి కథ కూడా దాచుకున్నాను. అది నాకోసం రాసింది కదా, అది నాదే.

వీరబాబు గుంటూరు వస్తున్నాడు, వాడి చేతిలో ఒక బుట్ట ఉంటుంది. మీ అమ్మని కంగారు పడొద్దని చెప్పు. తల్లి గుంటూరు నుంచి గోతాల్లో వచ్చింది, బిడ్డ బుట్టలో దర్జాగా తిరిగొస్తోంది. నువ్వు రాసుకునేదానివి కాబట్టి దీనికి కరణం అని పేరు పెట్టాను. ఈసారి తోక ఎత్తి చూశాను, మగదే అనుకుంటున్నాను, జాన్ బాషా కాదంటున్నాడు. కింద పరిచింది మీ పెదనాన్న తువ్వాలు, ఉతికి పంపాను. పిల్లి ఎదురొస్తుందని మీ అమ్మ గొణిగితే, ఇంట్లో పిల్లి ఎదురురాదు, వెంటే వస్తుందని చెప్పు.

మొన్న బుడేని పిలిపించాను, నులక మంచాలు అల్లుతాడు. మంచం వసారాలోకి తెచ్చాడు. గుంటలో చెయ్యి పెట్టి చూశాడు. "పెద్దాయన పడుకున్న చోటు. మొత్తం విప్పెయ్యమంటావామ్మా?" అన్నాడు. విప్పెయ్ అన్నాను. పక్కనే కూర్చుని కొత్త నులక అందించాను. బాగా బిగించి అల్లాడు. కాళ్ళ వైపు మాత్రం కాస్త వదులు పెట్టమన్నాను. ఎందుకమ్మా అన్నాడు. మునసబుకి అన్నాను.

మంచం మళ్ళీ ఆ గదిలోనే వేయించాను. నిన్న మధ్యాహ్నం దాని మీద పడుకున్నాను. ఆ కిటికీ గాలి ఇంకెక్కడా లేదని ఆయన అంటుంటే మంచం దిగడానికి బద్ధకమనుకునేదాన్ని. గాలి నిజంగానే బాగుంది.

వసారాలో కారానికి కాయలు పోసి ఉన్నాయి. మునసబు వాటి మీదుగా నడిచొచ్చి, గడప దగ్గర నాకోసం చూసి, నేను లేవకపోయేసరికి కాళ్ళు కడిగించుకోకుండానే మంచమెక్కింది. వదులు పెట్టించిన చోట కాసేపు పత్తి తొక్కి పడుకుంది. కొత్త నులక మీద ఎర్రెర్రగా దాని కాళ్ళ ముద్రలు పడ్డాయి. దాని కాళ్ళు కడిగాను గానీ ఆ ముద్రలు తుడవలేదు.

నీ పెద్దమ్మ
వెంకటరావమ్మ